పసిబిడ్డల విరేచనములు: కానరాని చక్రము

శంషాబాదు విమానాశ్రయము 2008 మార్చిలో పనిచేయ నారంభించినది. అచ్చటి సరకుల విభాగమున మందులను, టీకాలను చల్లగా కాపాడు ఏర్పాట్లున్నవి. హైదరాబాదులో తయారగు టీకాలు ఆ దారిని దూరదేశముల బిడ్డలకు చేరుచున్నవి. ఈ నగరమున తయారగు టీకాలలో పసిపిల్లల విరేచనములను అరికట్టు ఐదు చుక్కల మందు ఒకటి. ఆ చుక్కలు విమానాశ్రయపు పొరుగు పల్లెలలోని బిడ్డలకు సకాలమున అందినవా యని ప్రతి గృహమునందును విచారింపవలసియున్నది.

బిడ్డకు విరేచనములు పట్టినపుడు పళ్లు వచ్చుచున్నవని కొందరు, దిష్టి తగిలినదని కొందరు, తల్లి తిన్నది పడలేదని మరికొందరు అందురు. చాలకాలము వైద్యులకును కారణము స్పష్టముగా తెలియలేదు. 1973లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున రూత్ బిషప్ అను శాస్త్రజ్ఞురాలును, ఆమె సహచరులును రోగులైన పిల్లల ప్రేవుల పొరను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందొక వైరస్‌ను కనుగొనిరి. అది బండిచక్రమును పోలియుండుటచే, లాటిను భాషలో చక్రమని అర్థమిచ్చు పదమునుబట్టి దానికి రోటావైరస్ అను పేరు వచ్చినది. నోరోవైరస్, ఆస్ట్రోవైరస్, కొన్ని అడినోవైరస్‌లు కూడ విరేచనములు కలిగించును. అయినను పసిబిడ్డల ప్రాణమునకు ఎక్కువగా ముప్పు తెచ్చినది రోటావైరస్సే. 2013లో ప్రపంచమున ఐదేండ్లలోపు పిల్లలు సుమారు 2,15,000 మంది దీనివలన మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా వేసినది. వారిలో ఐదవవంతుకు మించి మన దేశపు బిడ్డలే.

టీకా రాకపూర్వము సంపన్నదేశములలో సైతము దాదాపు ప్రతి బిడ్డకును ఐదేండ్లలోపల ఈ వైరస్ సోకెడిది. అచ్చట చాలమంది బ్రతికిరి. పేదదేశములలో లక్షలమంది మరణించిరి. భేదము ముఖ్యముగా వైరస్‌లో లేదు. బిడ్డ కోల్పోయిన నీటిని, లవణములను సకాలమున తిరిగి యిచ్చుటలో నున్నది.

1980 దశకమున ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థలో మహారాజ్ కిషన్ భాన్ బృందము ఒక విశేషమును గమనించినది. కొందరు నవజాత శిశువులకు రోటావైరస్ సోకియు వ్యాధి రాలేదు. అట్టి శిశువునుండి లభించిన వైరస్‌నుండియే, హైదరాబాదునకు ఉత్తరముననున్న శామీర్‌పేట ప్రాంతపు జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ సంస్థ రోటావాక్ టీకాను తయారుచేసినది. ఢిల్లీ, పూణే, వేలూరులలో 6,799 మంది శిశువులపై జరిగిన పరీక్షలో తీవ్రవ్యాధి సగమునకు మించి తగ్గినట్లు 2014లో వెల్లడియైనది. 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రములలో రోటావైరస్ టీకా ప్రభుత్వ కార్యక్రమమున చేరి, తరువాత దేశమంతటికి విస్తరించినది. బిడ్డకు 6, 10, 14 వారములు నిండినపుడు ప్రభుత్వ కేంద్రములలో దీనిని ఉచితముగా నోటిద్వారా ఇత్తురు.

అయితే టీకా సగము రక్షణ మాత్రమే. మిగిలిన సగము ఇంటివారి చేతిలో నున్నది. విరేచనములగు బిడ్డకు నీరు, పాలు మాన్పింపరాదు. చనుబాలు ఇచ్చుచునే యుండవలయును. లీటరు ఓ.ఆర్.ఎస్. పొట్లమును ఒకేసారి లీటరు శుభ్రమైన నీటిలో కలిపి, చెంచాతో కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. ఒకరోజు గడచిన పిమ్మట మిగిలినది పారబోయవలెను. వాంతియైనచో పది నిమిషములాగి మరల మెల్లగా పట్టవలయును. వైద్యుడు చెప్పిన మోతాదులో జింకును, విరేచనములు తగ్గినను, 14 దినములు ఇయ్యవలెను. వైరస్‌పై యాంటీబయోటిక్ మందులు పనిచేయవు. వైద్యుని సలహా లేక విరేచనములను బిగబట్టు మందులను పసివానికి ఇయ్యరాదు.

కన్నులు గుంటలు పడినను, ఏడ్చినపుడు కన్నీరు రాకున్నను, మూత్రము తగ్గినను, బిడ్డ మత్తుగా పడియున్నను, త్రాగలేకున్నను, మలములో రక్తము కనిపించినను క్షణమైన ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలయును.

మీ యింట చంటిబిడ్డ యున్నచో, ఈ రాత్రియే టీకా కార్డును తీసి చూడుడు. రోటావైరస్ గడి ఖాళీగా నున్నచో, రేపు ఆశా కార్యకర్తను గాని, ప్రాథమిక ఆరోగ్యకేంద్రమును గాని అడుగుడు. రెండు ఓ.ఆర్.ఎస్. పొట్లములను ఉప్పు, పప్పులతోపాటు వంటింటిలో ఉంచుకొనుడు.