ఊచకోత అనే మాట



ఈ రోజు మేము ఒక్క మాట గురించే మాట్లాడదలచాం. ఆ మాట ఊచకోత. పత్రికల్లో తరచుగా కనబడే ఈ మాట పుట్టింది చేలో. ఊచ అంటే కంకి, వెన్ను. మన మైలవరం, జమ్మలమడుగు వైపు జొన్న పండించినవాళ్ళకు పాలకంకులు కాల్చి నలుపుకొని తినే ఊసబియ్యం తెలుసు. ఆ ఊసే ఈ ఊచ. నిలబడ్డ పైరులో వెన్నులను మాత్రం వరసగా కోసుకుంటూ పోవడం ఊచకోత. ముదురు, లేత అని కొడవలి చూడదు. ఎదురు తిరగలేని మనుషులను గుంపుగా చంపడానికి అందుకే ఆ పేరు అంత బాగా అతికింది.

నరమేధం, మారణహోమం అని కూడా అంటారు. మేధమన్నా, హోమమన్నా యజ్ఞానికి సంబంధించిన మాటలు. చనిపోయినవాళ్ళు ఏ దేవుడికీ బలి కావాలని రాలేదు. అందుకే మాకు ఊచకోత అన్న మాటే నిజానికి దగ్గరగా తోస్తుంది.

1981 ఏప్రిల్ 20 సోమవారం ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో సంత రోజు. భూములకు పట్టాలు, అటవీ సరుకుకు సరైన ధర అడగడానికి గిరిజన రైతుకూలీ సంఘం సభ తలపెట్టింది. పోలీసులు అనుమతి ఇవ్వలేదు. అయినా గూడేల నుంచి గోండులు తరలివచ్చారు. పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం చెప్పిన లెక్క 13 మంది. హక్కుల సంఘాలు చెప్పిన లెక్క దానికి ఎన్నో రెట్లు. దాన్ని కాల్పుల ఘటన అని రాసేవాళ్ళు ఉన్నారు. ఘటన అంటే దానంతట అది జరిగినట్టు వినబడుతుంది. ఊచకోత అంటే కోసినవాడెవడు అనే ప్రశ్న వెంటనే వస్తుంది.

మరి మనం ఈ మాటను ఎలా వాడుతున్నాం? బ్యాటర్ నాలుగు సిక్సర్లు కొడితే బౌలర్ల ఊచకోత అంటున్నాం. ఫ్యాక్షన్ పగతో ఒక మనిషిని చంపినా అదే మాట అనేస్తున్నాం. అది హత్య, హత్య అనే చెప్పాలి. అన్నిటికీ వాడితే మాట అరిగిపోతుంది. రేపు ఇంద్రవెల్లి గురించి పిల్లలకు చెప్పేటప్పుడు వాళ్ళకు క్రికెట్టే గుర్తొస్తుంది.

మన యువతకు మా విన్నపం ఇదే. ఈ మాటను ఆటలకు వాడకండి. నిజంగా జరిగినచోట చెప్పడానికి వెనకాడకండి.