ఆపద రాకముందే లెక్క వేయాలి
(భివండిలో మరమగ్గాల కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కూలిరేట్లు, బోనసు గురించి మాట్లాడుకునే సభలో ఆసుపత్రి మాట ఎందుకని కొందరు అడగవచ్చు. నాడె ఎగిరి కంటికి తగిలినా, పట్టాలో చెయ్యి పడినా, కరెంటు కొట్టినా మనం పరుగెత్తేది అక్కడికే కదా! ఇవి ఒక్కొక్కరికి వచ్చే కష్టాలు. ఒకేసారి యాభైమందికి వస్తే ఏమిటన్నదే నేటి ప్రశ్న.

2020 సెప్టెంబరు 21 తెల్లవారుజామున మన ఊళ్లోనే పటేల్ కాంపౌండులో జీలానీ బిల్డింగు కూలింది. నిద్రలో ఉన్నవారు నిద్రలోనే శిథిలాల కింద పడ్డారు. దాదాపు 40 మంది ప్రాణాలు పోయాయి. ఆసుపత్రుల్లో పడకలు కరోనా రోగులకు కేటాయించిన రోజులవి. ఒక ఆపద ఇంకో ఆపదకు దారి విడిచి పక్కకు నిలబడదు.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వితే లాభం లేదు. అందుకే 2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఆసుపత్రుల భద్రతకు మార్గదర్శకాలు ఇచ్చింది. ముందుగా ప్రమాదాన్ని అంచనా వేసే పద్ధతి కష్టమైనదేమీ కాదు. ప్రతి ఆపదకూ మూడు ప్రశ్నలు వేయాలి: వచ్చే అవకాశమెంత? వస్తే నష్టమెంత? మన ఏర్పాట్లలో లోటు ఎంత? ఒక్కోదానికి 1 నుంచి 3 దాకా అంకె వేసి, మూడింటినీ గుణించాలి.

ఉదాహరణకు, వరదనీటికి 3, 2, 1 వేస్తే 6 వస్తుంది. పాత బిల్డింగు కూలడానికి 2, 3, 3 వేస్తే 18 వస్తుంది. అంటే తరచుగా వచ్చేదానికన్నా, అరుదుగా వచ్చినా ఏర్పాటు లేనిదానికే ముందు పూనుకోవాలి. ఇవి తెలియడానికి చెప్పిన అంకెలే. అసలు అంకెలు డాక్టర్లు, నర్సులు, వార్డుబాయిలు, ఫైర్ బ్రిగేడు వారు, మనమూ కలిసి కూర్చుని వేయాలి.

ఆసుపత్రికే నిప్పంటుకుంటే? 2011 డిసెంబరులో కలకత్తా ఆమ్రి ఆసుపత్రిలో సుమారు 90 మంది చనిపోయారు. 2021 జనవరిలో భండారా జిల్లా ఆసుపత్రిలో 10 మంది పసికందులు బలయ్యారు. అదే ఏడు ఏప్రిల్‌లో విరార్‌లో, ఆ వారంలోనే మన పక్కనున్న ముంబ్రాలో మంటలు లేచాయి. ఈ నాలుగూ జరిగింది అర్ధరాత్రి దాటాకే! సిబ్బంది తక్కువగా, రోగులు నిద్రలో ఉండే వేళ అది. మన సాంచాలు రెండు పాళీలు నడుస్తాయి. రాత్రి పాళీ ఉన్న ఊరికి రాత్రిపూట సిద్ధంగా ఉండే ఆసుపత్రి కావాలి.

కాబట్టి మన కోరికలు ఇవి:

1. ఊళ్లోని ప్రతి ఆసుపత్రీ ఏటా వానాకాలానికి ముందే ఈ లెక్క వేసి, గోడ మీద అంటించాలి.
2. అందులో కార్మికుల ప్రతినిధి ఉండాలి. ఏ కార్ఖానాలో ఏ తలుపుకు తాళం వేస్తారో, ఏ గల్లీలోకి అంబులెన్సు రాదో మనకే తెలుసు.
3. ఏడాదికి రెండు కసరత్తులు జరగాలి. వాటిలో ఒకటి రాత్రిపూట జరగాలి.
4. గాయపడినవాడి మాట అర్థమయ్యేలా మరాఠీ, హిందీ, ఉర్దూలతోపాటు తెలుగు తెలిసినవారి పేర్లు రాసిపెట్టాలి.

సోదరులారా, చనిపోయాక ఇచ్చే పరిహారం కోసం ఎన్నోసార్లు కొట్లాడాం. ఈసారి ప్రాణం ఉండగానే కొట్లాడదాం.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!