ఎగిరిన మైళ్ళు ఎవరి ఖాతాలో?



మా అక్కయ్య రెండుసార్లు అమెరికా వెళ్ళివచ్చింది. రెండుసార్లూ కూతురి పురిటికే. ఆవకాయ, కరివేపాకు పొడి, పసిబిడ్డకు పాత మెత్తని చీరలు సర్దుకుని, ఒంటరిగా ఇరవై గంటల పైన ప్రయాణం. టిక్కెట్లు అల్లుడే పంపాడు. బావగారు మాత్రం ఇంతవరకూ విమానం ఎక్కలేదు. "పిల్లవాడిచేత ఇంకో టిక్కెట్టు కొనిపించడం ఏం మర్యాద?" అంటారాయన. మనవరాలిని ఫోనులోనే చూసుకుంటున్నారు.

అక్కయ్య చేసిన ఆ ప్రయాణాలకు మైళ్ళు రావాలి. మొదటిసారి పథకంలో చేరనేలేదు. రెండోసారి అల్లుడు చేర్పించాడు, మైళ్ళూ వచ్చాయి. ఆ నంబరు రాసిన కాగితం కాస్తా బీరువాలో పట్టుచీర మడతల్లో ఉండిపోయింది. నాలుగేళ్ళ తర్వాత తీసి చూస్తే ఖాతాలో సున్నా! గడువు తీరిపోయిందట. అవి పూర్తి టిక్కెట్టుకు చాలకపోవచ్చు, అమ్మాయి దగ్గరున్నవి కలిపితే సరిపోయేవేమో. అప్పుడు బావగారు "మా ఆవిడ సంపాదించింది" అనుకుని దర్జాగా ఎక్కేవారు.

అసలీ మైళ్ళేమిటంటారా? మళ్ళీ మళ్ళీ తమ విమానమే ఎక్కాలని కంపెనీలు ఇచ్చే లెక్క. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారు పెట్టిన పథకం చూసి మిగిలిన కంపెనీలూ అందుకున్నాయి. మొదట్లో తిరిగిన దూరాన్ని బట్టి ఇచ్చేవారు. ఇప్పుడు చాలాచోట్ల టిక్కెట్టుకు పెట్టిన డబ్బును బట్టి ఇస్తున్నారు. చేరడానికి రుసుము ఉండదు.

ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకోండి. టిక్కెట్టు ఎవరు కొన్నా సరే, మైళ్ళు ప్రయాణం చేసినవారివే. అల్లుడు కొన్నా, ఆఫీసు వారు కొన్నా అంతే. కనుక కూతుళ్ళ దగ్గరికి వెళ్ళే తల్లులందరూ ముందే చేరి, ఆ నంబరు టిక్కెట్టు కొనేటప్పుడే వేయించుకోవాలి.

ఇక్కడ మన తెలుగువాళ్ళకో చిక్కుంది. మన ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, మరోచోట పూర్తిగా, ఇంకోచోట పుట్టింటిది! నేను పథకంలో పొడి అక్షరాలతో చేరాను. పాస్‌పోర్టులో పూర్తి పేరుంది. ఒక ప్రయాణం మైళ్ళు ఖాతాలో పడనేలేదు. బోర్డింగ్ పాసు దాచుకున్నాను గనుక అడిగి వేయించుకున్నాను. అలా అడగడానికీ గడువుంటుంది సుమండీ. ఇల్లు చేరగానే ఆ కాగితాలు చెత్తబుట్టలో వేయకండి.

మావారు ఆఫీసు పని మీద కొన్నేళ్ళు సింగపూరు తిరిగారు. ఆ మైళ్ళతోనే మేము నలుగురం సెలవుల్లో సింగపూరు చూసివచ్చాం. నాలుగు టిక్కెట్లూ మైళ్ళతో వచ్చాయనుకునేరు! రెండే దొరికాయి, రెండు కొన్నాం. మైళ్ళకిచ్చే సీట్లు విమానానికి కొన్నే ఉంటాయి. వేసవి సెలవులకు, దసరాకు ఇంకా కష్టం. సుమారు 11 నెలల ముందే చూసుకోవాలి. మైళ్ళ టిక్కెట్టుకు కూడా పన్నులు డబ్బుగానే కట్టాలి. ఆ సంగతి తెలియక నేను మొదట ఉచితమని చుట్టుపక్కలంతా చెప్పుకుని తర్వాత నాలిక కరుచుకున్నాను.

సింగపూరు ఎయిర్‌లైన్స్ వారి పథకంలో మైళ్ళకు మూడేళ్ళు గడువు. ఆ మైళ్ళతో టిక్కెట్లు తీసుకోవడానికి ఐదుగురు మనవాళ్ళ పేర్లు రాసుకోవచ్చు. ఎమిరేట్స్ వారి దగ్గర కుటుంబమంతా కలిపి ఒకేచోట పోగుచేసుకోవచ్చు. 2014 నుంచి ఎయిరిండియా, సింగపూరు ఎయిర్‌లైన్స్ రెండూ స్టార్ అలయన్స్ అనే కూటమిలో ఉన్నాయి. అందువల్ల ఒకదానిలో ఎక్కి రెండోదాని ఖాతాలో మైళ్ళు వేసుకునే వీలుంది, చవక టిక్కెట్లకు కొన్నిటికి తప్ప. ఇంటిల్లిపాదీ తలా ఒక పథకంలో చేరితే ఎవరి దగ్గరా టిక్కెట్టుకు సరిపడా పోగవదు.

పోతే, క్రెడిట్ కార్డుల ముచ్చట. కార్డు మీద కొన్నప్పుడు వచ్చే పాయింట్లను కొన్ని బ్యాంకులు మైళ్ళుగా మార్చుకోనిస్తాయి. పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె వీధిలోకి వస్తే, గిన్నె మీది ఆశకొద్దీ కట్టుకునే చీర కూడా వేసేస్తాం చూడండి, ఇదీ అలాంటిదే. ఎలాగూ కొనే బియ్యం, పప్పులు కార్డు మీద కొని నెల తిరగకుండా మొత్తం కట్టేస్తే సరే. బాకీ ఉంచితే చాలా కార్డులకు వడ్డీ నెలకు నూటికి 3 రూపాయల పైమాటే. ఆ లెక్కన విమానం ఎక్కేది మనం కాదు, మన డబ్బు! మైళ్ళను చీటీ పాటలా ఏళ్ళతరబడి దాచడమూ పనికిరాదు. టిక్కెట్టుకు ఎన్ని మైళ్ళు కావాలో కంపెనీవారు ఎప్పుడైనా పెంచేస్తారు.

ఈ మధ్య అక్కయ్యవాళ్ళింటికి వెళ్ళాను. బావగారు పాస్‌పోర్టుకు దరఖాస్తు నింపుతున్నారు. అక్కయ్య ఏం చెప్పి ఒప్పించిందో మరి! ఇంటిపేరు గడి దగ్గర ఆగి, "పొడి అక్షరం చాలదుటే?" అని నన్నడిగారు. "చాలదు బావగారూ, పూర్తిగా రాయండి" అన్నాను.