మన సీమ మధువు: తాటికల్లు

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారిలో సూర్యాపేట దాటి కోదాడ వైపు సాగునపుడు, పొలముల గట్లపై తాటిచెట్లు కనబడును. మిర్యాలగూడ వైపు మరలినను ఇదే దృశ్యము. బస్సులో పోవువారు వానిని చూచియు చూడనట్లే సాగిపోదురు. ఒక ఫాల్గుణమాసపు తెల్లవారుజామున మేము ధ్వనిముద్రణ యంత్రమును వెంటగొని, ఆ చెట్లలో ఒకదాని క్రింద నిలిచితిమి. పైన గీతకత్తి ఆడు సవ్వడిని శ్రోతలకు వినిపింపవలెనని మా కోరిక.

ప్రతి సీమకు తనదైన మధువొకటి కలదు. ఫ్రాన్సు దేశపు బర్గండీ సీమలో షార్డొనే అను తెల్లద్రాక్షను పండించి, కోసి, రసము పిండి, పులియబెట్టి, ఓకు కఱ్ఱ పీపాలలో నెలల తరబడి నిలువయుంతురు. మేలైనది ఏండ్ల తరబడి సీసాలో పరిపక్వమగును. మన సీమ మధువులు తాటికల్లు, ఈతకల్లు. వీనికి కాలము చుట్టము కాదు. ఉదయము తీయగా నున్నది సాయంకాలమునకు పులియును. మరునాటికి నోట పెట్టరానంత పుల్లనగును. కనుక కల్లు నాణ్యమంతయు మనిషి వేళ తప్పక చెట్టెక్కుటయందే యున్నది.

చలికాలము ఈతచెట్టుది. దానికి పూగెలతో పనిలేదు. మొవ్వకు దిగువ ఒక ప్రక్క మట్టలు కొట్టి, లేతమ్రానును పలుచగా చెక్కి, గాటు పెట్టి, చిన్న గొట్టము నాటి లొట్టి కట్టుదురు. మరుసటి యేడు ఆవలి ప్రక్క గీయుదురు. అందుచేతనే ముదురు ఈతచెట్టు మెట్లుమెట్లుగా వంకరలు తిరిగి యుండును. ఆ గాట్లను లెక్కించినచో చెట్టు ఎన్ని ఏండ్లు కల్లు నిచ్చినదో తెలియును.

చలి తగ్గి ఎండ ముదురునపుడు తాటిచెట్టు వంతు వచ్చును. నాటిన తాటివిత్తు పూతకు వచ్చుటకు 12 మొదలు 20 ఏండ్లు పట్టును. తండ్రి నాటిన చెట్టును కొడుకు గీయును. పోతుతాడు పూగెలలను కట్టగా బిగించి, కొన్ని దినములు కఱ్ఱతో మెల్లగా నొక్కుచు, కొట్టుచు పదును చేయుదురు. దెబ్బ మించినచో గెల చచ్చును. చాలకున్నచో రసము దిగదు. పిదప కొనను చెక్కి లొట్టి తగిలింతురు. చెక్కినచోటు ఆరి మూసుకొనిపోవును గనుక, ఉదయమొకసారి, సాయంకాలమొకసారి క్రొత్త పొర తీయవలెను. పండుగయని, జ్వరమని మానినచో ధార సన్నగిల్లును. పెంటిచెట్టు లేతగెలలను గూడ గీయుదురు.

చెట్టు నుండి దిగు పులియని రసమే నీరా. అందు నూటికి పది పండ్రెండు పాళ్లు చక్కెర యుండును. గాలిలోను, పాత లొట్టి గోడలయందును ఉండు ఈస్టు మొదలగు సూక్ష్మజీవులు ఆ చక్కెరను మద్యసారముగను, బొగ్గుపులుసు వాయువుగను మార్చును. లొట్టిపై పొంగు తెల్లని నురుగు ఆ వాయువు పనియే. ద్రాక్షరసమును మధువుగా మార్చునదియు ఈస్టే. ఒక దినములో మద్యసారము నూటికి నాలుగైదు పాళ్లకు చేరును; ఆపైన పులుపు ప్రబలును. లొట్టి లోపల సున్నము పూసినచో సూక్ష్మజీవులు అణగి, రసము తీయగనే నిలుచును. దానిని కాచి తాటిబెల్లము చేయుదురు. అది బెల్లమగునో కల్లగునో నిర్ణయించునది ఆ పిడికెడు సున్నమే!

మేము చూచుచుండగనే ఆ గీత కార్మికుడు మోకు సడలించుచు, బిగించుచు నలువది అడుగుల ఎత్తు నుండి దిగివచ్చెను. వయస్సు అరువదికి చేరువ. పైన భయము వేయదా యని అడిగితిమి.

"చెట్టు మీద ఉన్నంతసేపు ఇల్లు యాదికి రావొద్దు సార్. యాదికొస్తే కాలు తప్పుద్ది" అని ఆయన నవ్వెను.

ఆయన తమ్ముడు ఒక వానకాలపు ఉదయమున తడిసిన మ్రాను నుండి జారిపడి, నడుము విరిగి మంచమునకు అంటుకొని పోయెనట. కొడుకు హైదరాబాదులో ఆటో నడుపుచున్నాడు. "వాడు ఎక్కడు, నేను ఎక్కమనను" అని ఆయన లొట్టిని భుజమున కెత్తుకొనెను. 1967లో నాగార్జునసాగరము కాలువలకు నీరు వచ్చిన పిదప ఈ ప్రాంతము వరిమాగాణియైనది, అన్నము దొరికినది. అయితే గట్లు చదును చేయునపుడు తాడు అడ్డమగుచున్నదని ఆయన బాధ. గీతవృత్తివారి దైవమైన కాటమయ్య పేర రక్షణ సామగ్రిని ఇచ్చుటకు తెలంగాణ ప్రభుత్వము 2024 జూలైలో పూనుకొన్నది. అది ఆయన తమ్మునికి ఆలస్యముగా వచ్చినది.

ఎక్కువారు తగ్గినను త్రాగువారు తగ్గలేదు. కొన్ని చోట్ల ఈ లోటును పూరించుచున్నది మందుల పొడి. క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, ఆల్ప్రజోలం వంటి నిద్రమందులను కలిపిన కృత్రిమపు కల్లు పలుమార్లు పట్టుబడినది. దానికి అలవడినవారు ఒక్కసారిగా మానినచో మూర్ఛలు, మతిభ్రమణము కలుగును. వారిని వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. ఏ చెట్టును ఎక్కనివాడు అమ్ము ఆ కల్లునకు ఋతువు లేదు, వేళ లేదు. పేరు మాత్రము తాటిచెట్టుది.

కల్లు త్రాగుడని మేము చెప్పుట లేదు. అసలు కల్లయినను మత్తునిచ్చునదే. ఒక సీమ విద్య ఎట్టిదో, దాని వెల యెవరు చెల్లించుచున్నారో చెప్పుటయే మా ఉద్దేశము.

స్టూడియోకు తిరిగివచ్చి ఆ ముద్రణను వింటిమి. మేము కోరిన కత్తి సవ్వడి లీలగా మాత్రమే వినవచ్చినది. స్పష్టముగా వినబడినది, చెట్టు దిగి నిలిచిన మనిషి ఊపిరి.