రెండో నగరం ఎదిగితే రాజధానికి నష్టమా?

ఒక రాష్ట్రంలో రాజధాని కాక మరో నగరం వేగంగా ఎదిగిందనుకుందాం. అప్పుడు రాజధాని సంపద పెరుగుతుందా, తరుగుతుందా? “పరిశ్రమ అక్కడికి పోయింది కాబట్టి ఇక్కడ తరుగుతుంది” అని చాలామంది అంటారు. ఈ సమాధానం ఎంతవరకు నిజమో తమిళనాడు ఉదాహరణతో పరిశీలిద్దాం.

ముందుగా ఒక కొలబద్ద. ఒక దేశంలోని నగరాలను జనాభానుబట్టి వరుసగా పేరిస్తే, రెండోది మొదటి దానిలో సుమారు సగం, మూడోది మూడో వంతు ఉంటాయి. జార్జ్ జిప్ఫ్ అనే అమెరికన్ పండితుడు 1949లో వెలువరించిన గ్రంథం వల్ల ఈ సూత్రానికి ఆయన పేరు స్థిరపడింది. ఇది న్యూటన్ నియమం వంటిది కాదు. పరిశీలనలో కనిపించే ధోరణి మాత్రమే. అయినా పోల్చి చూడటానికి పనికివస్తుంది.

2011 జనగణన ప్రకారం, శివార్లతో కలిపి చెన్నై జనాభా సుమారు 86.5 లక్షలు, కోయంబత్తూరు 21.4 లక్షలు, మదురై 14.7 లక్షలు, తిరుచ్చి 10.2 లక్షలు. అంటే చెన్నై రెండో నగరానికి నాలుగు రెట్లు. అదే లెక్కన హైదరాబాదు 77.5 లక్షలు, వరంగల్ 7.6 లక్షలు. ఇక్కడ తేడా పది రెట్లు!

కోయంబత్తూరు ఎలా ఎదిగింది? చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో పత్తి పండేది. 1932లో నీలగిరులలోని పైకారా జలవిద్యుత్తు అందుబాటులోకి వచ్చింది. నూలు మిల్లులు పెరిగాయి. మిల్లుల యంత్రాలకు మరమ్మతులు కావాలి కాబట్టి ఫౌండ్రీలు, మెషీన్ షాపులు వెలిశాయి. బావులకు కరెంటు రావడంతో రైతులకు మోటారు పంపులు కావలసివచ్చాయి. వాటినీ అక్కడే తయారుచేయసాగారు. పక్కనే ఉన్న తిరుప్పూరు అల్లిక దుస్తుల ఎగుమతి కేంద్రమైంది. ఈ మిల్లులు, వర్క్‌షాపులు నెలకొల్పినవారిలో తెలుగు మాట్లాడే కుటుంబాలూ ఎన్నో ఉన్నాయి.

ఇందులో ఒక విషయం గమనించండి. ఈ పరిశ్రమలు చెన్నై నుంచి తరలించుకుపోయినవి కావు. అక్కడి నేల, విద్యుత్తు, నైపుణ్యం కలిసి పుట్టించినవి. అందువల్ల రాష్ట్ర సంపదకు కొత్తగా చేరాయి.

మరి రాజధానికి ఏం లాభం? మూడు మార్గాలు చెప్పుకోవచ్చు. మొదటిది వ్యాపారం. చెన్నై చుట్టూ వాహన కర్మాగారాలు ఉన్నాయి. కోయంబత్తూరులో వాహనాల విడిభాగాలు తయారవుతాయి. ఒకరి ఉత్పత్తి మరొకరికి ముడిసరుకు. రెండవది సేవలు. పరిశ్రమ ఎక్కడున్నా పెద్ద బ్యాంకులు, న్యాయ సలహా, ప్రత్యేక వైద్యం వంటి వాటికోసం రాజధానికి రావలసి ఉంటుంది. మూడవది, మనం తరచు మరచిపోయేది, ఒత్తిడి తగ్గడం.

ఈ మూడోదాన్ని కొంచెం వివరంగా చూద్దాం. నగరంలో మనుషులూ సంస్థలూ దగ్గరగా ఉంటే పని సులువవుతుంది, నైపుణ్యం ఒకరి నుంచి ఒకరికి అందుతుంది. కాని ఒక హద్దు దాటాక అద్దెలు, ప్రయాణ సమయం, నీటి ఖర్చు ఆ లాభాన్ని తినేస్తాయి. 2019 వేసవిలో చెన్నైకి నీరిచ్చే నాలుగు ప్రధాన జలాశయాలు దాదాపు ఎండిపోయాయి. కృష్ణా జలాలను శ్రీశైలం నుంచి తెలుగుగంగ ద్వారా తెచ్చుకునే నగరం అది. కోయంబత్తూరులోనే ఉద్యోగం దొరికిన కుటుంబం పూండి జలాశయం నీటికోసం చెన్నైలో వరుసలో నిలబడనక్కరలేదు. ఆ మేరకు చెన్నైకీ ఊరటే.

అయితే ఒక హెచ్చరిక. రాజధానిలోని ఒక కార్యాలయాన్ని మరో ఊరికి మార్చినంత మాత్రాన ఈ ఫలితం రాదు. అది ఒక గిన్నెలోని నీటిని మరో గిన్నెలో పోయడమే, మొత్తం పెరగదు. రెండో నగరానికి తనదైన ఉత్పత్తి, నమ్మకమైన విద్యుత్తు, కళాశాలలు, రైలు, రోడ్డు ఉండాలి. చెన్నై ప్రగతికి ఓడరేవు వంటి వేరే కారణాలు కూడా ఉన్నాయన్నది మరువరాదు.

అంతా ఒకేచోట పోగుచేస్తే ఏమవుతుందో తెలుగువారికి అనుభవమే. ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వరంగ సంస్థలు, పరిశోధనాలయాలు అధికభాగం హైదరాబాదులోనే ఏర్పడ్డాయి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు అత్యంత తీవ్రంగా వివాదం నడిచింది ఆ నగరం గురించే. వరంగల్, విశాఖపట్నం, విజయవాడ, తిరుపతి, కర్నూలు ఎంత ముందే బలపడి ఉంటే అంత భయం తగ్గేది.

చివరగా మీకొక అభ్యాసం. మీ రాష్ట్రంలోని మొదటి అయిదు నగరాల జనాభాను జనగణన పట్టికల నుంచి తీసుకొని, జిప్ఫ్ సూత్రంతో పోల్చండి. తేడా ఎక్కడ ఎక్కువగా ఉందో గుర్తించండి. తరువాత మీ జిల్లా కేంద్రంలో తయారై బయటికి వెళ్లే వస్తువులు ఏవో కనుక్కోండి. చదువు పూర్తయ్యాక మీకు ఉద్యోగం ఇంటికి దగ్గరలో దొరుకుతుందా, రాజధాని రైలెక్కాలా అన్నది చాలావరకు ఆ జాబితా పొడవుమీదే ఆధారపడి ఉంటుంది.