సేవకు ముందు శిష్యరికం

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పరాయి దేశం పోయి సేవ చేయదలచినవారు తొలి రోజుల్లో ఏం నేర్చుకోవాలి అన్న విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. పెద్ద పెద్ద సిద్ధాంతాలు నాకు తెలియవు. అయితే దీనికి ఉదాహరణ కోసం మనం ఎక్కడికో పోనక్కరలేదు, మన అనంతపురంలోనే ఉంది.

మన వాళ్ళందరూ ఫాదర్ ఫెర్రర్ అని పిలుచుకున్న విన్సెంట్ ఫెర్రర్‌గారు 1920 ఏప్రిల్ 9న స్పెయిన్ దేశపు బార్సిలోనాలో పుట్టారు. అక్కడి అంతర్యుద్ధంలో ఓడిన పక్షాన పోరాడి, ఫ్రాన్స్‌లో నిర్బంధ శిబిరం కూడా చూసిన మనిషి. ఆ తర్వాత జెస్యూట్ సంఘంలో చేరి 1952లో బొంబాయిలో దిగారు. వచ్చింది దేనికయ్యా అంటే, ఇంకా మిగిలివున్న తన మతశిక్షణ పూర్తి చేసుకోవడానికి. అంటే మన దేశానికి ఆయన మొదట వచ్చింది విద్యార్థిగానే.

ఆ తర్వాత మహారాష్ట్రలోని మన్మాడ్‌లో పని మొదలుపెట్టారు. అదీ మన నేలలాగే వానకు మొహం వాచిన ప్రాంతం. అక్కడి రైతులు ఆయనకు నేర్పిన పాఠం ఒకటే: ముందు నీళ్ళు, తర్వాతే తక్కినవన్నీ. బావి తవ్వుకునే రైతుకు గోధుమలు, నూనె ఇచ్చి ఆదుకున్నారు. ఇది కొందరికి కంటగింపయింది. 1968లో దేశం విడిచి పొమ్మని ఉత్తర్వు వచ్చింది. అప్పుడు సుమారు 30 వేలమంది పేదలు, రైతులు ఆయన కోసం మన్మాడ్ నుంచి బొంబాయికి, దాదాపు 250 కిలోమీటర్లు, కాలినడకన పోయారని చెబుతారు. ఇందిరాగాంధీగారు కల్పించుకున్నాక, కొంతకాలం బయట ఉండి తిరిగి రావడానికి దారి ఏర్పడింది.

అట్లా 1969లో మన అనంతపురం చేరుకున్నారు. ఇంగ్లండులో పుట్టిన పాత్రికేయురాలు ఆన్ పెర్రీగారు ఈ పనిలో తోడయ్యారు. ఆ సంవత్సరమే ఆర్.డి.టి. సంస్థ మొదలయింది. 1970లో ఆయన జెస్యూట్ సంఘాన్ని వదిలి ఆమెను పెళ్ళి చేసుకున్నారు. కల్యాణదుర్గం, కణేకల్లు, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న బత్తలపల్లి, ఈ మూడు ఊళ్ళలోని ఆసుపత్రులు మీరందరూ ఎరిగినవే. 2009 జూన్ 19న ఫెర్రర్‌గారు అనంతపురంలోనే కన్నుమూశారు. బత్తలపల్లిలో ఖననం చేశారు.

ఇందులో ఒక లెక్క గమనించండి. మన జిల్లాలో అడుగు పెట్టేనాటికే ఆయన ఈ దేశంలో 16 ఏళ్ళు గడిపి ఉన్నారు. మనం ఆయన కట్టించిన వార్డులు చూస్తాం గాని, ఆ 16 ఏళ్ళ చదువు చూడం.

లోకంలో ఇతరులూ ఇదే గ్రహించారు. స్విట్జర్లాండు ఇంజనీరు పియర్ సెరెసోల్‌గారు 1920లో, మొదటి ప్రపంచయుద్ధంలో నేలమట్టమైన ఒక ఫ్రెంచి పల్లెను తిరిగి కట్టడానికి స్వచ్ఛంద సేవకులను పోగుచేశారు. 1934 బీహారు భూకంపం తర్వాత మన దేశానికీ వచ్చి, ఇళ్ళు పోయినవారికి ఊళ్ళు కట్టే పనిలో చేయి వేశారు. అమెరికావారు 1961లో పీస్ కోర్ పెట్టినప్పుడు, పోబోయే ప్రాంతపు భాష నేర్పడం శిక్షణలో ముఖ్యభాగం చేశారు.

అయితే భాష అంటే మాటలు మాత్రమే కాదు. మన నేలకు కొత్తగా వచ్చినవాడు మొదట 'పదును' అనే మాట నేర్చుకోవాలి. పడమటి కనుమలు ఒక ఋతుపవనాన్ని అడ్డుకుంటాయి, తూర్పు సముద్రం చూస్తే దూరం. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేదు. పదును ఉన్న నాలుగు రోజుల్లో చెనక్కాయ విత్తనం పడాలి. ఆ నాలుగు రోజులు దాటినాక ఎంత మంచి విత్తనం ఉచితంగా పంచినా రైతుకు ఏం లాభం?

ఇంతకంటే కష్టమైన పాఠం ఇంకొకటి ఉంది. కరువు ఊళ్ళో ఎవరినైనా "ఎట్లున్నారు?" అని అడగండి. "ఏదో ఉన్నాం సారూ" అంటారు. మన ఇళ్ళల్లో "ఖైరియత్?" అంటే "అల్హందులిల్లా" అంటారు. పొయ్యి వెలగని ఇంట్లోనూ అదే జవాబు. అది అబద్ధం కాదు, అల్లా మీద భరోసా. ఇంటి పరువు కూడా. కొత్త సేవకుడు ఆ మాట రాసుకొని, ఈ ఇంటికి ఏ లోటూ లేదని పేరు కొట్టేసి పోతాడు. పాతబడినవాడు ఆ గడపలో కాసేపు కూర్చుంటాడు. పెద్దకొడుకు బెంగుళూరికి వలస పోయాడా, ఆడపిల్ల బడి మానిందా అని మెల్లగా తెలుసుకుంటాడు.

ఈ మాట ఇవాళ ఎందుకు చెబుతున్నానంటే, రేపటి నుంచి మన సంఘం యువకులు సహాయం అందవలసిన కుటుంబాల జాబితా రాయడానికి ఇల్లిల్లూ తిరగబోతున్నారు. సముద్రం దాటి పోవడం లేదు గదా, మన వాళ్ళే గదా అని మీకు అనిపించవచ్చు. కాని నాయనా, పక్క వీధి పేదరికం కూడా మనకు పరాయి దేశమే. పగలు పోతే తల్లులు కూలికి పోయివుంటారు, తలుపుకు తాళం ఉంటుంది. ఇషా నమాజు తర్వాత పోండి. వీధిలో ఒక పెద్దమ్మను వెంటబెట్టుకోండి. విధవరాలి ఇంట ఆమే అడగాలి, మీరు అడగరాదు. నలుగురి ముందు ఎవరినీ ప్రశ్నించవద్దు. మొదటి రోజు కాగితం జేబులోనుంచి తీయనే వద్దు.

మీ జాబితాలో ఒక పేరు జారిపోతే ఆ ఇంట్లో పిల్లలకు ఈ ఏడు పుస్తకాలుండవు, ఫీజు ఉండదు. ఆ తల్లి మన ఆఫీసుకు వచ్చి అడగదు. అడిగే అలవాటున్నవారి పేర్లు ఎట్లాగూ ఎక్కుతాయి. అడగలేనివారిని కనుక్కోవడానికే శిక్షణ కావాలి.

కాబట్టి పెద్దలకు నా మనవి: ఈ పిల్లలను తొందరపెట్టకండి. జాబితా నెల ఆలస్యమైనా పరవాలేదు, గడప గడపనా కూర్చోనివ్వండి.