కూల్చే ముందు ఊరిని అడగాలి

 

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్‌పై దాడి చేసింది. గాం గంటందొర, గాం మల్లుదొర వంటి మనవాళ్ళు ఆ పోరాటంలో ముందు నిలిచారు. నూరేళ్ళకు, 2022లో, ఆ స్టేషన్‌ను పునరుద్ధరిస్తామని కేంద్రం ప్రకటించింది. ఒకప్పుడు మనల్ని భయపెట్టిన కట్టడమే నేడు మన పోరాటానికి సాక్ష్యం.

అన్ని కట్టడాలకూ ఆ అదృష్టం లేదు. మేము చదువుకున్న పాత హాస్టల్‌ను కూల్చేశాకే మాకు తెలిసింది. వానకు కురిసేది, నిజమే. పిల్లల ప్రాణం కంటే గోడలు ఎక్కువ కావు. వార్డెన్లుగా ఆ భయం మాకు తెలుసు. కానీ ఊరిని ఎవరూ అడగలేదు. ఒక్క ఫొటో కూడా మిగల్లేదు.

1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో పంచాయతీ అభివృద్ధి పనులు మొదలుపెట్టే ముందు గ్రామసభ ఆమోదం తీసుకోవాలి. మన సంస్కృతిని కాపాడుకునే అధికారమూ గ్రామసభకు ఉంది. పాతది తీసి కొత్తది కడతామంటే ఆ సభలో కూర్చోండి. ఇంజనీరు రిపోర్టు చూపించమనండి. మరమ్మతుకు ఎంతవుతుందో అడగండి. కూల్చక తప్పదంటే ముందు ఫొటోలు తీయండి, పెద్దల మాటలు రికార్డు చేయండి. మీ మాట తీర్మానంలో రాయించండి.

వచ్చే గ్రామసభకు మీరు వెళ్ళండి, మేమూ వస్తాం. జై ఆదివాసీ!